ఐరన్ అంటే ఏ ఐరన్? వెనకొచ్చే మాటను పట్టుకోండి

మీ ప్రశ్న ఇది: హన్మకొండకు కొత్తగా వచ్చారు. ఇస్త్రీ బండి దగ్గర "ఐరన్ అయింది" అన్నారు, ఆశా కార్యకర్త "ఐరన్ వేసుకుంటున్నవా" అని అడిగింది, పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రి "ఐరన్ ఇంకా దిగలేదు" అన్నాడు. ఇవన్నీ ఒకటేనా, మరి 'ఇనుము' అనే మాటను ఎక్కడ వాడాలి అని.

వెనకొచ్చే క్రియను చూడండి, అర్థం తేలిపోతుంది. ఐరన్ చేయిస్తే బట్టలు, ఐరన్ కడితే స్లాబు, ఐరన్ వేసుకుంటే గోళీ. "ఐరన్ తక్కువున్నది" అంటే ఒంట్లో రక్తం సంగతి, "ఐరన్ ఎక్కువున్నది" అంటే బోరు నీళ్ల సంగతి.

'ఇనుము' విడిగా నోట్లోంచి వచ్చేది తక్కువ. వస్తువు ముందు చేరితే 'ఇనుప' అవుతుంది, మాటల్లో 'ఇనప': ఇనప పెనం, ఇనప బీరువా, పాత ఇనప సామాను. 'ఇనుము పెనం' అని ఎవరూ అనరు. ఆకారానికి పేరుంటే లోహం పేరే వదిలేస్తాం: సీకు, సలాక, రేకు, గడ్డపార, నాగలి కర్రు. 'స్టీలు'తో మాత్రం జాగ్రత్త. వంటింట్లో స్టీలు అంటే తుప్పు పట్టని గిన్నెలు, ఇల్లు కట్టేచోట స్టీలు అంటే తుప్పు పట్టే సీకులే.

ఆ సీకుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, డబ్బు పోయేదీ ప్రాణం మీదికి వచ్చేదీ అక్కడే. పాత మేస్త్రీలు సూతుల్లో చెబుతారు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు సూతులంటే సుమారు 10 మిల్లీమీటర్లు, నాలుగంటే 12. బరువు లెక్క సులువు: మిల్లీమీటర్ల మందాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీ సీకు మీటరుకు 0.89 కిలో, 12 మీటర్ల పూర్తి సీకు 10.7 కిలోల దాకా ఉంటుంది. 8 మిల్లీదైతే సీకుకు 4.7. లారీ దిగినప్పుడు సీకులు లెక్కపెట్టి కాంటా చీటీతో సరిచూడండి. మొత్తం సరుకు మీద 10 మిల్లీ వరకు 7 శాతం, 12, 16 మిల్లీలకు 5 శాతం తేడాను ప్రమాణాలే ఒప్పుకుంటాయి. అంతకు మించితే అడగాల్సిందే. సీకు మీద 'ఎఫ్ఈ 500' అని ఉంటే, ఎఫ్ఈ అంటే ఇనుము గుర్తు, 500 అంటే చదరపు మిల్లీమీటరుకు అన్ని న్యూటన్ల బలం దాకా శాశ్వతంగా సాగదని.

ఐరన్ కట్టాక చూడాల్సింది కవరు, అంటే సీకును కప్పి ఉండే కాంక్రీటు మందం. స్లాబుకు కనీసం 20 మిల్లీ, పిల్లర్‌కు 40. కింద ఎడం కోసం సిమెంటు బిళ్లలు పెట్టకుండా సీకుల జాలీని సెంట్రింగు చెక్క మీదే వదిలేస్తే సీకుకు కింద కాంక్రీటు అందదు. తడి తగిలి తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, లోపలి నుంచి తోసి పైకప్పును పెచ్చులుగా రాలుస్తుంది. సజ్జకూ బాల్కనీకీ అసలు సీకులు పైభాగంలో ఉండాలి. పోత రోజు మనుషులు వాటి మీద నడిచి కిందికి అణిచేస్తారు, సజ్జ గోడ దగ్గరే విరుగుతుంది. పోస్తున్నంతసేపూ ఒకరు పక్కన నిలబడి పైకి ఎత్తిస్తుండాలి. ఇది మాత్రం మేస్త్రి మీద వదలొద్దు.

ఇస్త్రీ పెట్టె దగ్గర ఒకటే గుర్తుంచుకోండి: బట్ట చీటీ మీద బొమ్మలో ఒక చుక్క 110 డిగ్రీలు, రెండు 150, మూడు 200. పట్టుచీరకు తిరగేసి, జరీ మీద పల్చని గుడ్డ వేసి చేయాలి. గంజి పెట్టిన నూలు మీద పెట్టె మరీ కాలితే గంజి మాడి గోధుమరంగు మరకలు పడతాయి.

గోళీల సంగతి. గర్భిణులకు ఇచ్చే ఎర్ర గోళీలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. చాయ్‌కి ముందూ వెనకా గంట ఎడం ఇవ్వాలి, కాల్షియం గోళీతో కలిపి వేసుకోకూడదు, రెండూ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసం సాయం చేస్తుంది. మలం నల్లగా అవుతుంది, దానికి భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. మానొద్దు. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకుని చూడండి.

బోరు నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి ఎర్రబడితే అదే ఐరన్. బకెట్లో ఎత్తు నుంచి గాలి తగిలేలా పోసి, రాత్రంతా ఉంచి, పైతేటను వంచుకుంటే చాలావరకు అడుక్కే దిగుతుంది.

ఇక ఉక్కు. నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుమును బొగ్గుపదార్థంతో కలిపి మట్టి మూసల్లో మూసి కాల్చి తీసిన ఉక్కు, కత్తుల కోసం పర్షియా దాకా వెళ్లింది. ఇనుముకూ ఉక్కుకూ తేడా కార్బన్‌లో ఉంది. కమ్మరి కొలిమి దగ్గర దాన్ని కళ్లారా చూడొచ్చు. గొడ్డలి మొత్తం ఉక్కుతో చేయనక్కర్లేదు, అంచుకు ఉక్కు ముక్క అతికితే చాలు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఉక్కు అంచు గాజులా గట్టిపడుతుంది, మెత్తని ఇనుము దాదాపు అలాగే ఉంటుంది. అలా వదిలేస్తే మొదటి దెబ్బకే అంచు పెళుక్కుమంటుంది. అందుకే సాన మీద రుద్ది మెరుపు తెచ్చి, మళ్లీ మెల్లగా వేడిచేస్తారు. మెరుపు మీద ఎండుగడ్డి రంగు పాకుతూ వస్తుంది. అది అంచుకు చేరగానే ముంచాలి. నీలం దాకా ఆగితే పదును నిలవదు.