సుంకాల వార్తలతో ఇంగ్లీషు నేర్చుకుంటానన్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు.

కోచింగ్ సెంటర్ మానేసి, ఇంటి దగ్గరే అంతర్జాతీయ వాణిజ్య వార్తలు చదువుతూ ఇంగ్లీషు నేర్చుకుంటానన్నావట. తర్వాత విశాఖలో రొయ్యల ఎగుమతి ఆఫీసులో ఉద్యోగానికి అప్లై చేస్తావట. మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ డాక్యుమెంటేషన్ పనిలోనే తల నెరిసినవాణ్ణి కదా, వినగానే గర్వంగా అనిపించింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఉత్తరం రాస్తున్నాను.

నోటుబుక్కు పెట్టుకో, రోజుకొక వార్త చాలు, పైకి చదువు. ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ పదాల లిస్టు మాత్రం పక్కన పెట్టెయ్. టారిఫ్, కోటా, సబ్సిడీ, ఎంబార్గో అంటూ రోజూ బట్టీ పడుతున్నావని మీ నాన్న మురిసిపోతూ చెబుతుంటే నాకు కోపం వచ్చింది. అలాంటి పేర్లు వంద నేర్చినా వార్త అర్థం కాదు తల్లీ. ముందు క్రియ చూడు. సుంకాన్ని ఏం చేశారు? ప్రపోజ్ చేశారా, అనౌన్స్ చేశారా, ఇంపోజ్ చేశారా, సస్పెండ్ చేశారా? తర్వాత తేదీ చూడు. ఆ తర్వాత డబ్బు ఎవరు కట్టాలో చూడు. ఈ మూడూ దొరికాకే డిక్షనరీ తెరువు.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే 2004 సంగతి చెప్పాలి. మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

అప్పట్లో భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో టైగర్ రొయ్యే వేసేవాళ్లు, వనామీ రకం ఇంకా రాలేదు. 2003 డిసెంబరు 31న అమెరికాలో రొయ్యలు పట్టేవాళ్ల సంఘం ఒకటి మన దేశంతో పాటు బ్రెజిల్, చైనా, ఈక్వడార్, థాయిలాండ్, వియత్నాంల మీద ఫిర్యాదు వేసింది. ఈ ఆరు దేశాలూ ఉండాల్సిన ధర కంటే తక్కువకు సరుకు తెచ్చి గుమ్మరిస్తున్నాయని, అంటే డంపింగ్ చేస్తున్నాయని వాళ్ల ఆరోపణ. 2004 జూలై నెలాఖరున అక్కడి వాణిజ్య శాఖ మన రొయ్యల మీద ప్రిలిమినరీ, అంటే ఇంకా తుదిది కాని, నిర్ణయం ప్రకటించింది. మన కంపెనీల్లో ఎక్కువ వాటికి పడింది సుమారు 14 శాతం.

మర్నాడో ఆ మర్నాడో ఒక ఏజెంటు ఇంగ్లీషు పేపరు పట్టుకుని మీ నాన్న చెరువు గట్టు మీదికి వచ్చాడు. హెడ్డింగ్ మీద వేలు పెట్టి, "అమెరికా డ్యూటీ వేసేసింది, ఇక ప్లాంట్లు కొనవు, వారం పోతే నీ సరుకు అడిగే దిక్కుండదు" అన్నాడు. మీ నాన్న డిగ్రీ చదివినవాడే. ఆ హెడ్డింగ్ తనే చదివాడు. డ్యూటీ, శ్రింప్, ఇండియా, మూడూ తెలిసిన మాటలే. ప్రిలిమినరీ అన్న మాట దగ్గర ఆగలేదు. అప్పటికి మేత షాపులో అప్పు పేరుకుపోయింది, మీ అమ్మ ఒట్టి మనిషి కాదు. కడుపులో ఉన్నది నువ్వే. రెండు రాత్రుల్లో చెరువు పట్టించేశాడు. ఇంకొన్ని వారాలు మేత పడితే 30 కౌంటుకు, అంటే కిలోకు 30 తూగే సైజుకు, వచ్చే రొయ్య 50 కౌంటులోనే ఏజెంటు చెప్పిన రేటుకు లారీ ఎక్కేసింది.

ఆ నోటీసు పూర్తి పాఠం విశాఖలో నా టేబుల్ మీద ఉంది. లెక్క ఇంకా తేలలేదనీ, కంపెనీలు తమ వాదన చెప్పుకోవచ్చనీ అందులో ఉంది. డబ్బు కట్టేది చెరువు రైతు కాదు. అమెరికాలో సరుకు దించుకునే దిగుమతిదారు కడతాడు, అదీ డిపాజిట్‌గానో బాండ్‌గానో. తుది ఉత్తర్వు 2005 ఫిబ్రవరిలో గానీ రాలేదు. అప్పటికి రేటు 10 శాతం దగ్గరికి దిగింది. భారం చుట్టూ తిరిగి చివరికి రైతుకిచ్చే ధర మీదే పడుతుంది, కాదనను. ఆగి ఉంటే మీ నాన్నకు ఎంత మిగిలేదో కూడా లెక్క కట్టి చెప్పలేను. కానీ కూర్చుని ఆలోచించుకోవడానికి వాడికి టైమ్ ఉంది. ఆ టైమ్ వాడి చేతుల్లోంచి లాగేసుకున్నారు.

వాణ్ణి నేను అప్పుడు ఒక్క మాట అనలేదు, ఇప్పుడూ అనను. భయంలో ఉన్న మనిషికి తెలిసిన మాటలే కనిపిస్తాయి. నా బెంగ నీ ఇంటర్వ్యూ గురించి కాదు. నీకు ఇంగ్లీషు వచ్చిందని తెలిస్తే ఊళ్లో రైతులు పేపరు పట్టుకుని నీ దగ్గరికే వస్తారు. నువ్వు చెప్పిన మాట మీద చెరువు పట్టాలో ఉంచాలో నిర్ణయించుకుంటారు.

అందుకే మొదటి పాఠంగా 2025 తీసుకో. ఏప్రిల్ 2న ట్రంప్ మన సరుకుల మీద 26 శాతం ప్రకటించాడు. 9వ తేదీన దాన్ని 90 రోజులు ఆపి, 10 శాతం మాత్రం ఉంచాడు. ఆగస్టు 7 నుంచి 25 శాతం అమల్లోకి వచ్చింది. రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి దాని మీద మరో 25 పడింది. ఆ రోజుల పేపర్లు తీసి, ఏ తేదీన ఏ క్రియ వాడారో వాక్యంతో సహా రాసుకో. 'రైజ్డ్ టు' (ఇంతకి పెంచారు), 'రైజ్డ్ బై' (ఇంత మేర పెంచారు) రెండింటికీ తేడా కూడా అక్కడే పట్టుబడుతుంది. ఆ తర్వాత ఏమేం మారిందో నువ్వే వెతికి నాకు రాయి.

రొయ్యకు అప్పటికే పాత యాంటీ డంపింగ్ సుంకం ఉంది. 2024 డిసెంబరులో కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ కూడా వచ్చి చేరింది. మొదటిది తక్కువ ధరకు అమ్మారని వేసేది, రెండోది ప్రభుత్వ సబ్సిడీ అందిందని వేసేది. ఇంటర్వ్యూలో ఈ తేడా అడిగే అవకాశం ఎక్కువ.

ఇంకో మాట. రోజుకో కొత్త తగాదా వెంట పడకు, ఒకదాన్నే చివరి దాకా పట్టుకో. 2018లో అమెరికా ఉక్కు మీద 25, అల్యూమినియం మీద 10 శాతం వేసింది. 2019 జూన్‌లో మనకిచ్చే జీఎస్పీ రాయితీ, అంటే కొన్ని సరుకులు సుంకం లేకుండా పంపుకునే వెసులుబాటు, తీసేసింది. అదే నెలలో మనం వాళ్ల బాదం, యాపిల్, అక్రోట్ల మీద సుంకం పెంచాం. 2023 జూన్‌లో ఇద్దరూ రాజీకొచ్చి, ప్రపంచ వాణిజ్య సంస్థలో ఉన్న ఆరు కేసులు ముగించుకున్నారు. ఇంపోజ్, విత్‌డ్రా, రిటాలియేట్, రిజాల్వ్, అన్నీ వాటి వరసలోనే ఎదురవుతాయి. ఇక మర్చిపోవు.

హెడ్డింగ్‌లో 'మల్స్' అని ఉంటే ఇంకా ఆలోచనలోనే ఉందని అర్థం. జెనీవాలో, అంటే ఆ ప్రపంచ వాణిజ్య సంస్థలో, అప్పీల్ చేశారని చదివితే తీర్పు కోసం ఎదురుచూడకు. సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అక్కడి అప్పీళ్ల విభాగం పని చేయడం లేదు.

కోచింగ్ ఫీజు మిగిలిందిగా, దాంతో ఒక ఇంగ్లీషు పేపరు వేయించుకో. ఫోన్‌లో చదివి కళ్లు పాడుచేసుకోకు, చిన్నప్పటి నుంచీ నీకు తలనొప్పి ఉంది. 2004 సంగతి మీ నాన్నను గుచ్చి గుచ్చి అడగకు, తనంతట తాను చెబితే విను. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. ఏప్రిల్ 9 నాటి వార్త చదివి వినిపించి, ఎవరు, ఏం చేశారు, ఎప్పటి నుంచి అన్నది తెలుగులో చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న