వెల్డింగ్ నేర్చుకుంటానంటే వద్దనకండి

కాకినాడ నుంచి ఒక తండ్రి అడిగారు, మావాడు ఇంటర్ ఎంపీసీ సెకండియర్, స్టీలుతో, అల్యూమినియంతో తెరచాప బోట్లు డిజైన్ చేసి కడతానంటున్నాడు, సెలవుల్లో వెల్డింగ్ షాపుకి కూడా వెళ్తాడట, ఇంత చదివించి వెల్డర్ని చెయ్యాలా అని.

పంపండి సార్, నిజంగానే చెప్తున్నా. ఈ ఫీల్డులో డిజైన్ సగం వెల్డింగ్‌లోనే తేలుతుంది. 4 ఎంఎం ప్లేటుని ఒకే వైపు నుంచి ఏకబిగిన వెల్డ్ చేసుకుంటూ పోతే వేడికి లాగేసి, బక్కచిక్కిన ఎద్దుకి పక్కటెముకలు తేలినట్టు బోటు ఒళ్ళంతా ఫ్రేములు (లోపలి ఆసరా కమ్మీలు) కనిపిస్తాయి, అందుకే ముందు ట్యాకులు (ప్లేటు కదలకుండా పట్టి ఉంచే చిన్న చిన్న వెల్డులు) వేసి, అటు కొంచెం ఇటు కొంచెం వెల్డ్ చేస్తారు. స్టీలు బోటు ఎక్కువగా లోపల్నుంచే తుప్పు పడుతుంది కాబట్టి నీళ్ళు నిలవకుండా ఫ్రేముల అడుగున కన్నాలు ఉంచాలి. అల్యూమినియం స్టీలు బరువులో మూడో వంతే, బోట్లకి 5083 గ్రేడ్ వాడతారు, కానీ దానికి రాగి కలిసిన పెయింటు అడుగున వేశారంటే ఉప్పునీళ్ళలో మెటల్ తినేస్తుంది. ఇవన్నీ షాపులో చేత్తో చేసినవాడికి ఎక్కినట్టు పుస్తకం చదివినవాడికి ఎక్కవు.

చదువు మాత్రం నేవల్ ఆర్కిటెక్చర్ (ఓడలు, బోట్ల డిజైన్) బీటెక్ చెయ్యాలి, ఇందులో రాజీ వద్దు. మనకి దగ్గర్లో విశాఖలోనే ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది (దానికి ఐఎంయూ సెట్ అనే ఎంట్రన్స్ రాయాలి), కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ యూనివర్సిటీ) ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకొస్తే ఐఐటీ మద్రాస్, ఖరగ్‌పూర్. అక్కడ చెప్పేది ఎక్కువగా ఓడల గురించే, తెరచాప లెక్కలు సొంతంగా నేర్చుకోవాల్సిందే.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెప్తా. మన దగ్గర మెటల్ తెరచాప బోట్లు కట్టే పని చాలా తక్కువ. నేవీ ట్రైనింగ్ ఓడలు తరంగిణి, సుదర్శిని గోవా షిప్‌యార్డులో కట్టారు, కానీ అలాంటి ఆర్డర్లు ఎప్పుడో గానీ రావు. విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య నేవీ మహిళా జట్టుతో 2017-18లో ప్రపంచం చుట్టొచ్చిన తెరచాప బోటు తారిణి గోవాలోనే కట్టిందే అయినా అది ఫైబర్‌గ్లాస్ బోటు. అసలు మార్కెట్ ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌లో ఉంది. ఫ్రాన్స్‌లో అలూబా, గార్సియా, బోరియాల్ యార్డులకి అల్యూమినియం బోట్లే పేరు. అందుకని డిగ్రీ కాగానే ఇక్కడ గస్తీ బోట్లు, వర్క్ బోట్లు కట్టే యార్డులో కొన్నేళ్ళు చేసి, తర్వాత నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ లేదా ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో మాస్టర్స్‌కి వెళ్తే దారి దొరుకుతుంది. డిగ్రీ అవ్వగానే యాట్ (విహార బోటు) డిజైనర్ ఉద్యోగం వస్తుందనుకుంటే మాత్రం కష్టం.

ఈ సెలవుల్లో ఇంకో పని కూడా చేయించండి. డెల్ఫ్ట్‌షిప్ అనే బోటు డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో చిన్న బోటు గీసి, దాని ప్లేట్ల ఆకారాలు గట్టి అట్టలో కత్తిరించి అతికించమనండి. అట్ట కూడా ప్లేటులాగే ఒక వైపుకే సులువుగా వంగుతుంది, ఒకేసారి నిలువుగా, అడ్డంగా రెండు వైపులా వంచాలంటే మొరాయిస్తుంది. అక్కడ విసుగొచ్చి వదిలేస్తాడో, గీత మార్చుకుని మళ్ళీ మొదలెడతాడో చూసి నాకు రాయండి, కాలేజీల సంగతి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.