కవాతు బ్యాండును ఎలా వినాలి?

గణతంత్ర వేడుకలకు ముగింపుగా జనవరి 29 సాయంత్రం ఢిల్లీలోని విజయ్ చౌక్‌లో సైనిక బ్యాండ్లు కలిసి వాయించే బీటింగ్ రిట్రీట్ ప్రదర్శన గురించీ, మన సైనిక బ్యాండ్ల గురించీ పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు.

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు పండితుణ్ణి. ఏటా జనవరి 29న టీవీలో బీటింగ్ రిట్రీట్ తప్పకుండా చూస్తాను. రైసినా కొండ మీది నుంచి ఆ బ్యాండ్లు నడిచి వస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. మా అబ్బాయి మాత్రం, "తెల్లవాడు వదిలిపోయిన తంతు అది, అందులో మనదేముంది నాన్నా? పైగా యుద్ధానికి రంగులద్దడమే కదా!" అంటాడు. అతనికి ఏమని చెప్పమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, ఆచారం ఇంగ్లండు నుంచి వచ్చిందన్న మాట నిజమే, దాన్ని కాదనవలసిన పని లేదు. 17వ శతాబ్దంలో అక్కడి సేనలు పొద్దు గూకే వేళకు డ్రమ్ము మోగించి, బయట ఉన్న సైనికులను శిబిరంలోకి పిలిచేవి. వైర్‌లెస్ లేని ఆ కాలంలో డ్రమ్ము, బ్యూగిల్ వేడుక కోసం కాదు, ఆజ్ఞ వినిపించడం కోసం ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక, 1950ల తొలినాళ్లలో, గ్రెనేడియర్స్ రెజిమెంటుకు చెందిన మేజర్ రాబర్ట్స్ అనే మన సైన్యాధికారి అనేక బ్యాండ్లను ఒకచోట చేర్చి వాయించే ఈ ప్రదర్శనకు రూపమిచ్చారు. గణతంత్ర వేడుకలకు అదే ముగింపు అయింది.

అయితే పుట్టుక చూసి సొంతమో పరాయో తేల్చడం మొదలుపెడితే ఆ లెక్క ఇంగ్లండు దగ్గరా ఆగదు. ఐరోపా సైనిక బ్యాండ్లలో మోగే పెద్ద డ్రమ్ము, ఇత్తడి తాళాలు ఒట్టోమన్ తురుష్క సేనల మేళాల నుంచి అక్కడికి చేరినవే. ఇక స్కాట్లండు వాద్యమని మనం అనుకునే బ్యాగ్‌పైపు సంగతి చూడండి. మేకతోలు సంచిలో గాలి నింపి చంకలో నొక్కుతూ శ్రుతి పట్టే తిత్తి మన వీధి భాగవతాల్లో తరతరాలుగా ఉన్నదే. బ్యాగ్‌పైపు వాయించే పైపర్ భుజం మీద నిలబడి కనిపించే మూడు గొట్టాలు స్వరాలు పలికించవు, ఒకే శ్రుతిని పట్టి ఉంచుతాయి, మన సన్నాయి మేళంలో ఒత్తు చేసే పనే అది. పాట పలికేది కింద వేళ్లతో మూసి తెరిచే గొట్టం ఒక్కటే, దానికి ఉన్నవి తొమ్మిది స్వరాలు. ఆ కాసిని స్వరాలతో గఢ్వాల్, కుమావూఁ, గోర్ఖా రెజిమెంట్ల పైపర్లు తమ కొండప్రాంతపు జానపద బాణీలను పలికిస్తుంటే, అది పరాయి సంగీతమని అనడానికి నాకు నోరు రాదు.

వాయించే బాణీల్లో మన వాటా ఏటేటా పెరుగుతూ వచ్చింది, అదీ ఒక్కరోజులో జరిగినది కాదు. 1950లో, అప్పటి సైన్యాధిపతి జనరల్ కరియప్ప ప్రోత్సాహంతో, మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో సైనిక సంగీత శిక్షణకు ఏర్పాటు జరిగింది. మన బ్యాండు మాస్టర్లు అక్కడే తయారవుతారు. ఆజాద్ హింద్ ఫౌజు కోసం "కదమ్ కదమ్ బఢాయే జా" బాణీ కట్టిన కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురీ కూడా గోర్ఖా దళంలో బ్రిటిష్ సైన్యపు వాద్యాలతోనే సంగీతం నేర్చినవాడు. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన ఆ పాటే నేడు మన సైన్యం సగర్వంగా వాయించే కవాతు గీతం. మీ అబ్బాయికి నేనైతే ముందుగా ఈ సంగతే చెబుతాను.

గాంధీజీకి ఇష్టమైన "అబైడ్ విత్ మీ" అనే ప్రార్థన గీతాన్ని 2022లో కార్యక్రమం నుంచి తొలగించి, దాని స్థానంలో "ఏ మేరే వతన్ కే లోగోఁ" చేర్చారు. మరుసటి ఏడాది నుంచి అన్నీ భారతీయ బాణీలే. చైనా యుద్ధంలో అమరులైన సైనికులను తలచుకుంటూ 1963లో లతా మంగేష్కర్ తొలిసారి పాడిన ఆ పాటకు అక్కడ నిలిచే అర్హత ఉందా అన్న ప్రశ్నే లేదు. కానీ పాత గీతం వాయించేటప్పుడు, బ్యాండ్లు ఒక పంక్తి వాయించి ఊరుకోగానే దూరంగా అమర్చిన గొట్టపు గంటలు బదులు పలికేవి. సంగీతంగా చూస్తే మొత్తం కార్యక్రమంలో అంతకంటే లోతైన ఘట్టం మరొకటి లేదని నా నమ్మకం. దాన్ని కూడా ఉంచి ఉండవలసిందని ఇప్పటికీ అనుకుంటాను.

యుద్ధానికి రంగులద్దడమన్న మాటకు వస్తే, ఆ సాయంత్రం అక్కడ జరిగేది యుద్ధ సన్నాహం కాదు, దానికి పూర్తిగా వ్యతిరేకమైనది. పొద్దు గూకింది, పోరు ఆపి, ఆయుధాలు దించి వెనక్కి రమ్మని చెప్పే పిలుపు అది. బ్యాండు మాస్టర్ రాష్ట్రపతి ఎదుటికి నడిచి వెళ్లి, బ్యాండ్లను తీసుకుపోవడానికి అనుమతి అడుగుతాడు. బ్యూగిల్ మోగుతుంది, జెండాలు దిగుతాయి, నార్త్, సౌత్ బ్లాకుల గోడల మీద ఒంటెలపై బారులు తీరిన సరిహద్దు భద్రతా దళం జవాన్లు కదలకుండా నిలబడి ఉంటారు. వాయించేవారు కూడా అద్దె కళాకారులు కారు. ఆయుధ శిక్షణ పొందిన సైనికులు. యుద్ధం వస్తే క్షతగాత్రులను స్ట్రెచర్ల మీద మోసుకొచ్చే బాధ్యత బ్యాండువారిదన్నది సైన్యాల్లో పాతుకుపోయిన సంప్రదాయం. దేశం దుఃఖంలో ఉన్నప్పుడు ఈ వేడుక ఆగిన సందర్భాలూ ఉన్నాయి. 2001లో గుజరాత్ భూకంపం వల్ల, 2009లో మాజీ రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ మరణం వల్ల దీన్ని రద్దు చేశారు. మీకు కలిగే పులకరింతకు సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం లేదు మాస్టారూ. వందలమంది కలిసి ఒక్క ఊపిరిగా వాయిస్తుంటే కదలని మనసే ఉండదు.

ప్రశ్న: బ్యాండు కవాతును మైదానంలో దూరం నుంచి చూసినప్పుడు, డ్రమ్ము దెబ్బకూ వారి అడుగుకూ పొంతన కుదరనట్టు అనిపించింది. టీవీలో అలా కనిపించదు. అది వారి పొరపాటా, నా భ్రమా? అంతమంది ఒకే తాళంలో ఎలా నడుస్తారు?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: పొరపాటూ కాదు, భ్రమా కాదు. మీరు గమనించినది ధ్వనివేగం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. మామూలు కవాతు నడకలో నిమిషానికి 120 అడుగులు పడతాయి కాబట్టి, అడుగుకూ అడుగుకూ మధ్య అర సెకను ఎడం ఉంటుంది. బ్యాండు మీకు 85 మీటర్ల దూరంలో ఉంటే డ్రమ్ము దెబ్బ పావు సెకను ఆలస్యంగా చేరుతుంది. అంటే అడుగు నేలను తాకిన క్షణానికీ, తరువాతి అడుగుకూ సరిగ్గా నడిమధ్యన దెబ్బ వినిపిస్తుంది. 170 మీటర్ల దూరం నుంచి చూస్తే ఇంకా వింతగా ఉంటుంది. ఎడమకాలి దెబ్బ కుడికాలు పడినప్పుడు వినిపిస్తుంది, అంతా చక్కగా పొంతన కుదిరినట్టే ఉంటుంది! టీవీవాళ్లు మైకులను వాద్యాలకు దగ్గరగా పెడతారు కాబట్టి ఆ తేడా మన ఇంటికి చేరదు.

ఇదే చిక్కు బ్యాండు లోపలా ఉంటుంది. అనేక బ్యాండ్లు కలిసి నడిచేటప్పుడు ముందు వరుసకూ వెనుక వరుసకూ చాలా దూరం ఉంటుంది. ఎవరి చెవికి వినబడినదాన్ని బట్టి వారు వాయిస్తే పాట వెనక్కి వెనక్కి జారిపోతుంది. అందుకే డ్రమ్ములను చాలావరకు మధ్యలోనో, పైపర్ల వెనుకనో నడిపిస్తారు. అన్నిటికీ మించి, చెవిని కాక కంటిని నమ్మడం నేర్పుతారు. ముందు నడిచే డ్రమ్ మేజర్ చేతిలోని పొడవాటి దండాన్ని మేస్ అంటారు. చూసేవారికి అది అలంకారంలా ఉంటుంది కానీ, లోపలివారికి అదే ఆజ్ఞ. దాన్ని పైకెత్తడం, అడ్డంగా పట్టడం, ముందుకు చాపడం, ప్రతి కదలికకూ ఆగమనో తిరగమనో పాట ముగించమనో ఒక అర్థం ఉంటుంది. వాయించే సమయంలో నోటితో ఆజ్ఞ ఇచ్చినా ఎవరికి వినబడుతుంది?

ఈసారి చూసేటప్పుడు రెండు విషయాలు గమనించండి. మొదటిది, పాట ముగింపుకు వచ్చేసరికి పెద్ద డ్రమ్ము వాయించేవాడు మామూలు తాళం విడిచి రెండు దెబ్బలు గట్టిగా వేస్తాడు. వెనుక వరుసలో మేస్ కనబడనివారికి కూడా ఆపే చోటు దగ్గరపడిందని తెలిపే సైగ అది. రెండోది, ఇత్తడి బ్యాండు తన దారిలోనే వెనక్కి మళ్లే తీరు. ముందు వరుస గిర్రున తిరిగి, ఎదురుగా వస్తున్న వెనుక వరుసల సందుల్లోంచి నడిచిపోతుంది. ఆ మళ్లింపులో ఒక్క స్వరం చెదరదు, ఒక్క మోచేయి పక్కవాడికి తగలదు. ముందుకు వెనక్కు జరిపే పొడుగు గొట్టంతో వాయించే ట్రాంబోన్లను సాధారణంగా మొదటి వరుసలో ఎందుకు ఉంచుతారో మీకు ఇప్పుడు తట్టే ఉంటుంది. వెనుక ఉంటే ఆ గొట్టం ముందువాడి వీపుకు తగులుతుంది.

జనవరిలో ఢిల్లీ చలి కూడా తోడవుతుంది. ఇత్తడి వాద్యం లోపలి గాలి చల్లబడితే శ్రుతి కిందికి దిగుతుంది. కాసేపు ఊరుకున్నా శ్రుతి మారే వాతావరణంలో, నడుస్తూ, పొద్దు వాలుతుండగా, ఎక్కువ భాగం జ్ఞాపకం నుంచే వాయించే ఆ పనితనానికి మన సంగీత విమర్శకులు ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఢిల్లీ వెళ్లలేనివారికి మన దగ్గర ఇలాంటివి చూసే అవకాశం ఉందా? వాఘాలో జరిగేది కూడా ఇదేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీకు దగ్గరలోనే ఉంది. 1971లో కరాచీ రేవుపై మన క్షిపణి పడవలు చేసిన దాడికి గుర్తుగా డిసెంబరు 4ను నౌకాదళ దినంగా పాటిస్తారు. ఆ సందర్భంగా విశాఖపట్నం రామకృష్ణా బీచిలో తూర్పు నౌకాదళం జరిపే విన్యాసాల చివర నౌకాదళ బ్యాండు వాద్యం, సూర్యాస్తమయ వందనం ఉంటాయి. 2022లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము హాజరైన ప్రధాన ప్రదర్శన అక్కడే జరిగింది. తరువాతి రెండేళ్లు దాన్ని సింధుదుర్గ్‌లో, పూరీలో జరిపారు కాబట్టి, బయలుదేరే ముందు ఆ ఏటి వేదిక, తేదీ పత్రికల్లో చూసుకోండి. జనం ఎక్కువగా వస్తారు కనుక మధ్యాహ్నానికే చేరుకోవడం మంచిది. ఢిల్లీ వెళ్లగలిగితే మాత్రం, రక్షణశాఖ "ఆమంత్రణ్" వెబ్‌సైటులో బీటింగ్ రిట్రీట్ టికెట్లు అమ్ముతుంది. జనవరి 28న జరిగే పూర్తి రిహార్సల్ కూడా చూడదగినదే.

వాఘా-అట్టారీ దగ్గర జరిగేది వేరు. 1959 నుంచి ప్రతి సాయంత్రం రెండు దేశాల సరిహద్దు దళాలు జెండాలు దించే ఆ కార్యక్రమానికీ బీటింగ్ రిట్రీట్ అనే పేరు వాడతారు. కానీ అక్కడ ప్రధానం ఎత్తుగా లేచే కాళ్లు, ఎదుటివారికి దీటుగా నిలబడే పౌరుషం. సంగీతం కోసమైతే విజయ్ చౌక్‌కే వెళ్లాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. బడి బ్యాండులో క్లారినెట్ వాయించేది. సైనిక బ్యాండులో చేరతానంటోంది. ఆడపిల్లలను తీసుకుంటారా?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: తీసుకుంటున్నారమ్మా. వాయుసేన, నౌకాదళం అగ్నివీర్ పద్ధతిలో ప్రత్యేకంగా సంగీతకారుల కోసం నోటిఫికేషన్లు ఇస్తున్నాయి. వాటికి అవివాహితులైన యువతులూ దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 గణతంత్ర దినోత్సవ కవాతులో ఢిల్లీ పోలీసు మహిళా పైప్ బ్యాండు కర్తవ్యపథ్ మీద నడిచింది కూడా. నోటిఫికేషన్ వచ్చినప్పుడు వయసు, చదువు, ఎత్తు నిబంధనలు అందులోనే చూసుకోండి, అవి మారుతుంటాయి.

పరీక్షలో ప్రధానంగా చూసేది వాద్యంపై పట్టు. ఇచ్చిన స్వరాన్ని విని వెంటనే పలికించగలగాలి, వాద్యాన్ని శ్రుతి చేసుకోవడం రావాలి, తాళం తప్పకూడదు. పాశ్చాత్య స్వరలిపి చదవడం వస్తే చాలా మేలు. పరుగు, శరీర దారుఢ్య పరీక్షలు మిగతా అభ్యర్థులకు ఉన్నట్టే వీరికీ ఉంటాయి. కనుక రోజూ సాధనతో పాటు పొద్దున్నే పరుగు కూడా ఇప్పటి నుంచే అలవాటు చేయండి. క్లారినెట్‌కు ఊపిరే ప్రాణం కాబట్టి ఆ పరుగు వాద్యానికీ పనికొస్తుంది. నిలబడి పాట పట్టుబడ్డాక, అదే పాటను మేడ మీద నడుస్తూ వాయించమనండి. మొదట పెదవి అదిరి స్వరం చెదురుతుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.