అక్కల నోటీసుకు ప్రామిసరీ నోటు జవాబు కాదు

ప్రశ్న: నాన్నగారు 2019లో వీలునామా రాయకుండా పోయారు. ఊళ్లో తాతగారి నుంచి వచ్చిన రెండెకరాల పొలం, నాన్న కట్టిన ఇల్లు ఉన్నాయి. అమ్మ నా దగ్గరే ఉంటోంది. భాగం పంచమంటూ ఇద్దరు అక్కలూ లాయరు నోటీసు పంపారు. 15 రోజుల గడువు పెట్టారు. పెళ్లిళ్లప్పుడు కట్నం, బంగారం అన్నీ ఇచ్చాం. నా జీతం 58 వేలు. ఫ్లాటు ఈఎంఐ 19 వేలతో కలిపి ఖర్చు 45 వేలు. ఎఫ్‌డీలో లక్షా అరవై వేలున్నాయి. తెలిసినాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి 18 లక్షలు ఇస్తానంటున్నారు. అక్కలకు చెరో తొమ్మిది లక్షలిచ్చి సంతకాలు తీసుకుని, తర్వాత పొలం అమ్మి తీర్చేద్దామనుకుంటున్నాను. సరైన పనేనా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: కాదు. ఆ అప్పు జోలికి వెళ్లకండి. నోటీసు అందగానే పరువు పోయిందని, రేపే కోర్టు మెట్లెక్కాలని కంగారుపడి అప్పు తేవడం చాలా ఇళ్లలో జరుగుతోంది. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

ముందు మీ లెక్కే చూడండి. నెలకు మీకు మిగిలేది 13 వేలు. 18 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 36 వేలు. అసలు పైసా తగ్గదు, నెలనెలా 23 వేలు లోటు. మీ ఎఫ్‌డీ మొత్తం ఏడు నెలల్లో ఆవిరైపోతుంది. ఆ తర్వాత ఈఎంఐ ఆగుతుంది, ఫ్లాటు మీదకే వస్తుంది. ఇది తెలిసి తెలిసి మునగడమే.

పొలం అమ్మి తీరుస్తానంటున్నారు. ఎవరు కొంటారు? కొనేవాళ్లు ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తారు, వారసులందరి సంతకాలు అడుగుతారు. ఈలోగా దావా పడితే, కొన్నవాళ్లు కూడా ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. అలాంటి పొలానికి మంచి ధర రాదు, తాకట్టు పెడతానన్నా బ్యాంకు ఒప్పుకోదు. ఇంకో సంగతి, అమ్మగారిని మీరు లెక్కలోకే తీసుకోలేదు. నాన్నగారి వారసుల్లో ఆమె కూడా ఒకరు. అక్కల సంతకాలతోనే పని అయిపోదు.

కట్నం ఇచ్చాం కాబట్టి భాగం లేదన్న మాట కోర్టులో నిలవదు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ కూతుళ్లకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని మరింత స్పష్టం చేసింది. నాన్న సొంతంగా కట్టిన ఇంట్లోనూ అమ్మ, మీరు, అక్కలు సమాన వారసులే.

అన్నిటికన్నా ముఖ్యం, మీరు రాసినదాన్ని బట్టి నోటీసులో డబ్బు మాటే లేదు. వాళ్లు అడిగింది భాగం. ఉన్న పొలంలో వాటా కొలిచి, రిజిస్టర్డ్ భాగపరిష్కార దస్తావేజు రాసుకుంటే మీరు పైసా అప్పు చేయనక్కర్లేదు. మొత్తం మీకే కావాలనుకుంటే వాయిదాల్లో కొనే మాట తర్వాత మాట్లాడుకోవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దావాకు ముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానమైన విలువ ఉంటుంది, కోర్టు ఫీజు ఉండదు.

నోటీసంటే కోర్టు ఉత్తర్వు కాదు. 15 రోజులు దాటితే ఇల్లు పోదు. కానీ మాట్లాడకుండా ఊరుకుంటే రేపు అది మీకే ఎదురు తిరుగుతుంది కాబట్టి, గడువులోపే లాయరు చేత జవాబు పంపించండి. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ, ఇంటి పన్ను రసీదులు పట్టుకెళ్లండి. నాన్నగారి అప్పులు మీరు తీర్చి ఉంటే ఆ రసీదులు, ఇంటి మరమ్మతుల బిల్లులు కూడా పెట్టండి. పంపకంలో వాటి లెక్క అడగవచ్చు. వాట్సాప్‌లో ‘ఎంత కావాలో చెప్పండి, ఇచ్చేస్తా’ అని మాత్రం రాయకండి. ఆ మెసేజే రేపు సాక్ష్యమవుతుంది.

ఇక నేను పదే పదే చెప్పే మాటకు వస్తాను. మీ దగ్గర అత్యవసర నిధి లేదు. లక్షా అరవై వేలంటే నాలుగు నెలల ఖర్చు కూడా కాదు. మామూలు ఇంటికి ఆరు నెలలు చాలంటాను. గొడవ మొదలైన ఇంటికి తొమ్మిది నెలలు కావాలి, అంటే మీకు నాలుగు లక్షల ఐదు వేలు. భాగం దావాలు ఏళ్ల తరబడి సాగుతాయి. ఆ మధ్యలో ఉద్యోగం పోయినా, అమ్మగారికి ఆపరేషన్ అన్నా, చేతిలో డబ్బు లేనివాడు ఏ షరతుకైనా తలూపి సంతకం పెడతాడు. నిధి ఉంటే మీ అక్కలతో నిదానంగా కూర్చుని మాట్లాడగలరు. మిగిలే 13 వేలూ పెట్టుబడుల్లోకి పోకుండా దీంట్లోనే వేయండి, ఏడాదిన్నర దాటాక నిండుతుంది. ఈలోగా బోనస్ వస్తే అదీ ఇందులోకే. లాయరు ఫీజు ఏ దశకు ఎంతో ముందే రాయించుకుని, అది వేరే ఖాతాలో ఉంచండి.

మీ ఆవిడ బంగారం తాకట్టు ఆలోచన ఉంటే అదీ మానండి. ఫ్లాటు లోను ఉంది కాబట్టి మీకు టర్మ్ పాలసీ (జీవిత బీమా), అమ్మగారికి ఆరోగ్య బీమా లేకపోతే వెంటనే తీసుకోండి. వడ్డీ ఇస్తానన్న ఆయనకు ఈరోజే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.