గినీ పిగ్‌కు పదేపదే కడుపు జబ్బు చేస్తుంటే మొదట దవడ పళ్లు చూపించండి

మహబూబ్‌నగర్ నుంచి మీరు పెట్టిన ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ మూడేళ్ల గినీ పిగ్ నెలకో, నెలన్నరకో ఒకసారి మేత మానేస్తోందని, పెంటికలు చిన్నవైపోయి కడుపు ఉబ్బుతోందని, డాక్టరు కడుపుకు మందు ఇస్తే నాలుగు రోజుల్లో కోలుకుని మళ్లీ అదే స్థితికి వస్తోందని, ఈ మధ్య గడ్డం కింద ఎప్పుడూ తడిగా ఉంటోందని రాశారు. కడుపుకు ఇంతకంటే మంచి మందు ఏదైనా ఉందా అని అడిగారు. మీరు చివర్లో మాటవరసకు రాసిన ఆ గడ్డం తడే నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించింది. జబ్బు కడుపులో కనిపిస్తున్నా అది దవడ పళ్ల దగ్గర మొదలై ఉంటుందని నా అనుమానం. మా ఇంట్లో సరిగ్గా ఇలాగే జరిగింది.

మేము నల్లగొండలో ఉంటాం. మా పాప ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆడ గినీ పిగ్‌ను తెచ్చుకుని, ఒంటి రంగును బట్టి దానికి రాగి అని పేరు పెట్టింది. రెండున్నరేళ్లు వచ్చే వరకు దానికి ఏ జబ్బూ లేదు. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో ఐదుసార్లు మేత మానేసింది, ఐదుసార్లూ మేము కడుపుకే వైద్యం చేయించాం. చూసినవారు ముందరి పళ్లు చూసి బాగున్నాయన్నారు, మేమూ నమ్మాం. అసలు సంగతి గమనించింది మా అత్తమ్మ. దేవరకొండ వైపు పల్లెలో మేకల మధ్య పెరిగిన మనిషి కాబట్టి, జీవం మేసే తీరును చూడడం ఆమెకు అలవాటు. ఒకరోజు పంజరం పక్కన కూర్చుని చాలాసేపు చూసి, "గడ్డిపోచ నోట్లకు తీసుకుంటది, నాలుగుసార్లు నములుతది, కింద పడేస్తది. కొత్తిమీరైతే తింటనే ఉన్నది. ఆకలి లేక కాదు, దాని పండ్లు నొస్తున్నయి" అంది. ఆ వారమే హైదరాబాద్‌లో చిన్న జంతువులను చూసే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మత్తు ఇచ్చి నోరు తెరిచి చూస్తే, కింది దవడ పళ్లు రెండు వైపుల నుంచీ లోపలికి వంగి నాలుక మీద వంతెనలా పెరిగి ఉన్నాయి. ముందు పళ్లు మాత్రం నిజంగానే బాగున్నాయి.

గినీ పిగ్‌కు మొత్తం 20 పళ్లు ఉంటాయి. మనకు కనిపించేవి ముందరి నాలుగే. మిగిలిన పదహారు ఇరుకైన నోటిలో బాగా వెనక ఉంటాయి. ఈ 20 పళ్లూ బతికినన్నాళ్లు పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని పక్కలకు రుద్దుతూ నమిలినప్పుడే అవి అరిగి సమంగా నిలుస్తాయి. ఏ కారణం చేతనైనా నమలడం తగ్గితే కింది పళ్లు నాలుక వైపు, పై పళ్లు బుగ్గ వైపు మొనదేలి పుండ్లు చేస్తాయి. నాలుక కదలకపోతే మేతను వెనక్కి నెట్టుకోలేదు, ఉమ్మి మింగలేదు. అందుకే గడ్డం తడుస్తుంది. అప్పుడు అది గడ్డి వదిలి మెత్తటి ఆకులను మాత్రమే ఏరుకుని తింటుంది. పీచు లోపలికి పోకపోతే పేగుల కదలిక మందగిస్తుంది. ఈ జంతువు మేతలో ఎక్కువ భాగం పెద్దపేగు మొదట్లో ఉన్న సంచిలో సూక్ష్మజీవుల వల్ల పులిసి అరుగుతుంది. కదలిక మందగించగానే అక్కడ గాలి నిండుతుంది, నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి ఉన్న కాస్త మేత కూడా మానేస్తుంది. కడుపు మందు ఈ చక్రాన్ని నాలుగు రోజులు ఆపగలదు గాని పళ్లను అరగదీయలేదు. మీరు చూస్తున్న "మళ్లీ మళ్లీ" వెనక ఉన్నది బహుశా ఇదే.

అందువల్ల మీ డాక్టరును అడగవలసింది కొత్త మందు గురించి కాదు, దవడ పళ్ల పరీక్ష గురించి. మత్తు లేకుండా సన్నని లైటు గొట్టంతో కొంత చూడవచ్చు, కాని పూర్తిగా తెలియాలంటే మత్తు, తల ఎక్స్‌రే రెండూ కావాలి. పళ్ల వేర్లు దవడ ఎముకలోకి పెరిగాయా, చీము పట్టిందా అన్నది ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. మత్తుకు ముందు మనుషులకు చేసినట్టు రాత్రంతా పస్తు పెట్టమని ఎవరైనా చెబితే దయచేసి మరోసారి అడగండి. గినీ పిగ్ వాంతి చేసుకోలేదు, పస్తు ఉంచితే పేగులు ఆగిపోయే ప్రమాదమే ఎక్కువ. మత్తుకు కాస్త ముందు నోరు శుభ్రం చేస్తే సరిపోతుందని మా డాక్టరు చెప్పారు. పెరిగిన పళ్లను సన్నని ఆకురాయి మిషన్‌తో అరగదీస్తారు. ఇంట్లో గోళ్ల కత్తెరతో ముందు పళ్లు కత్తిరించే పని మాత్రం ఎప్పుడూ చేయవద్దు, పన్ను నిలువునా చీలిపోతుంది.

యాంటీబయాటిక్ విషయంలో మాకు జరిగిన నష్టం మీకు జరగకూడదని ఇది వివరంగా రాస్తున్నాను. రెండోసారి జబ్బు చేసినప్పుడు ఒక క్లినిక్‌లో పిల్లలకు వాడే అమాక్సిసిల్లిన్ సిరప్ రాసి ఇచ్చారు. మూడో రోజుకు నీళ్ల విరేచనాలు పట్టుకుని రాగి చావు అంచుల దాకా వెళ్లింది. పెన్సిలిన్ జాతి మందులు, సెఫలోస్పోరిన్లు, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, క్లాస్ట్రీడియం అనే విషక్రిమి పెరుగుతుంది. కుక్కకు, మేకకు పనికొచ్చిన మందు దీనికి ప్రాణాంతకం కావచ్చు. చీటీలో యాంటీబయాటిక్ కనిపిస్తే అది గినీ పిగ్‌కు సురక్షితమేనా అని అక్కడే అడగడానికి మొహమాటపడకండి.

పళ్లు అరగదీసిన వెంటనే అది తింటుందని అనుకోవద్దు. నొప్పి మందు ఇస్తూనే వారం, పది రోజులు మేము చేతితో తినిపించాం. పెల్లెట్లను (గుళికల మేతను) గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మిక్సీలో మెత్తగా పట్టి, సూది లేని 1 మిల్లీలీటరు సిరంజి మొన కత్తిరించి వాడాం. తువ్వాలులో ఒళ్లు చుట్టి ఒడిలో కూర్చోబెట్టుకుని, సిరంజిని ముందు పళ్ల వెనక ఉన్న ఖాళీలో పక్క నుంచి పెట్టాలి. ఒకేసారి అర మిల్లీలీటరు మించకుండా ఇచ్చి, నమిలి మింగాకే మళ్లీ ఇవ్వాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోజు మొత్తం మీద కిలో బరువుకు 50 నుంచి 80 మిల్లీలీటర్ల దాకా, మూడు నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా అలారం పెట్టుకుని ఇచ్చాం. రాత్రి రెండింటి వంతు మా పాప ఎవరికీ వదల్లేదు. అయితే కడుపు డోలులా బిగుసుకుని, జంతువు ముడుచుకుని కూర్చుని పళ్లు కొరుకుతుంటే అప్పుడు బలవంతంగా తినిపించకూడదు. అది గంటల్లో డాక్టరు చూడవలసిన స్థితి.

మేతలో మూడొంతులకు పైగా గడ్డే ఉండాలి. మన జిల్లాల్లో మంచి ఎండుగడ్డి దొరకదన్న మాట పూర్తిగా నిజం కాదు. తిమోతీ గడ్డి ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. మేము వాటితో పాటు రోజూ గరిక కోసి కడిగి, నీడలో ఆరబెట్టి ఇచ్చేవాళ్లం. పత్తి చేల గట్ల మీద గరిక మాత్రం కోయలేదు, పురుగుమందు, కలుపుమందు పడని చోటు చూసుకునేవాళ్లం. వరిగడ్డిలో సారం తక్కువ, పరుపుగా వేయడానికి బాగుంటుంది. లేత పచ్చిజొన్న, కోసిన తర్వాత వచ్చే పిలకలు అసలు వద్దు. నాము, అంటే విషం ఉన్న లేత జొన్న, తిని పశువులు చనిపోయిన సంగతి మీ పాలమూరు రైతులకు చెప్పవలసిన పని లేదు. లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ కాబట్టి పెద్దవయసు జంతువుకు రోజువారీ మేతగా పనికిరాదు, మూత్రాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఉంది.

విటమిన్ సి కూడా పళ్ల విషయమే. మనుషుల్లాగే గినీ పిగ్ కూడా దాన్ని ఒంట్లో తయారు చేసుకోలేదు. అది తగ్గితే పన్నును పట్టి ఉంచే కణజాలం బలహీనపడి పళ్లు కదులుతాయి, కీళ్లు నొస్తాయి. మామూలుగా రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు అవసరం, జబ్బులో ఉన్నప్పుడు డాక్టరు ఇంకా పెంచవచ్చు. తాగే నీటిలో కలిపితే త్వరగా పాడవుతుంది. మేము డాక్టరు చెప్పిన కొలతలో చుక్కల మందును నేరుగా నోట్లో వేసి, రోజూ ఒక క్యాప్సికం ముక్క పెట్టేవాళ్లం. ఇంకో జాగ్రత్త నేను సొంతంగా తీసుకున్నది, డాక్టరు చెప్పింది కాదు. మా నల్లగొండ బోరు నీటిలో ఫ్లోరైడ్ మనుషుల పళ్లను, పశువుల పళ్లను ఏం చేసిందో చూసినదాన్ని కాబట్టి, జీవితాంతం పన్ను పెరిగే ఈ జంతువుకు బోరు నీళ్లు మానేసి నల్లా కృష్ణా నీళ్లే పోశాను.

కిచెన్ తూకం ఒకటి కొనండి. రోజూ ఉదయం ఒకే సమయానికి తూచి రాసిపెట్టుకోండి. రాగి 960 గ్రాముల నుంచి 780కి పడిపోయాక గాని మాకు తెలియలేదు, ఎందుకంటే బొచ్చు కింద బక్కదనం కనిపించదు. ఆ తర్వాత 30, 40 గ్రాములు తగ్గగానే మేల్కొనేవాళ్లం, చాలాసార్లు కడుపు ఆగకముందే డాక్టరు దగ్గర ఉండేవాళ్లం.

ఇది ఒకసారితో తీరే జబ్బు అని మీకు ఆశ పెట్టలేను. రాగికి మొదట ఐదు వారాలకోసారి, తర్వాత ఎనిమిది, పది వారాలకోసారి పళ్లు అరగదీయించవలసి వచ్చింది. అలా దాదాపు రెండేళ్లు బాగానే తిన్నది, తిరిగింది, ఫ్రిజ్ తలుపు చప్పుడుకు ఈల వేసింది. ఐదేళ్లు దాటాక పంటి వేరు దగ్గర చీము చేరి ఎముకకు పాకింది. రెండు వారాలు ప్రయత్నించి, నొప్పి తగ్గించే దారి ఇక లేదని డాక్టరు చెప్పినప్పుడు, పాపతో మాట్లాడి, బాధ లేకుండా ప్రాణం పోయేలా ఇంజెక్షన్ ఇప్పించాం. ఆ నిర్ణయం గురించి ఈ రోజుకీ నాకు ఏడుపు వస్తుంది గాని పశ్చాత్తాపం లేదు. మీది మూడేళ్లదే, ఇంకా అంత దూరం పోలేదు.

మీరు జడ్చర్ల మీదుగా హైవే పట్టుకుంటే హైదరాబాద్ నగరంలోకి పోకముందే రాజేంద్రనగర్ వస్తుంది, అక్కడ వెటర్నరీ కాలేజీ ఉంది. అక్కడికైనా, నగరంలోని మరే క్లినిక్‌కైనా ముందు ఫోన్ చేసి, గినీ పిగ్‌లకు మత్తు ఇచ్చి దవడ పళ్లు అరగదీసిన అనుభవం ఉన్న డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. ఈ ఎండల్లో తెల్లవారుజామునే బయలుదేరండి. 30 డిగ్రీలు దాటితే చాలు, వీటికి వడదెబ్బ ప్రమాదం. గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పెట్టె లోపల ఒక పక్కన పెట్టండి, గడ్డి, కీర ముక్కలు వెంట ఉంచండి. తూకం అంకెలు, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. పరీక్షలో ఏం తేలిందో ఇక్కడ రాస్తే, తినిపించే విషయంలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.