శాక్సఫోన్ సరే, యంత్రం ఏమంటోంది?

ఫ్రీ జాజ్‌నీ (కట్టుబడిన తాళం, ముందే రాసుకున్న వరుస లేకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే జాజ్) ఎలక్ట్రానిక్ సంగీతాన్నీ కలిపిన ఆల్బమ్‌లు మూడు నాలుగు పెట్టి చూశాననీ, ఒక్కటీ పది నిమిషాలు దాటలేదనీ, అంతా గోలగా ఉందనీ రాశారు. ఎలా వినాలి, దేనితో మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న. నేను పండితుణ్ణి కాను. చిన్నప్పుడు నాలుగేళ్లు మృదంగం నేర్చుకుని వదిలేసినవాణ్ణి. ఈ సంగీతాన్ని మాత్రం పన్నెండేళ్లుగా వింటున్నాను. అందులో మొదటి రెండేళ్లు వృథా చేసుకున్నాను. ముందు ఆ వృథా సంగతే చెబుతాను, మీ ఇబ్బంది కూడా అదేనని నా అనుమానం.

నేను మొదట విన్నది అమెరికన్ శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ చేసిన 'ఫ్రీ జాజ్' అనే ఆల్బమ్. 1960 డిసెంబరులో రికార్డు చేశారు, దాదాపు 37 నిమిషాలు ఏకధాటిగా సాగుతుంది. వంటింటి గట్టు మీద అరచేతిలో పట్టేంత బ్లూటూత్ స్పీకరు పెట్టి, ఉల్లిపాయలు తరుగుతూ విన్నాను. పక్క గదిలోంచి అమ్మ, "మిక్సీలో చెంచా పడినట్టుంది, ఆపి చూడరా" అంది. నాకూ అలాగే ఉంది కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను. చాలా నెలల తరువాత తెలిసింది, ఆ రికార్డులో వాయించేది ఒక జట్టు కాదు, నలుగురేసి ఉన్న రెండు జట్లు. కోల్‌మన్, డాన్ చెర్రీ ఉన్న జట్టు ఎడమ ఛానెల్‌లో ఉంటుంది. ఎరిక్ డాల్ఫీ, ఫ్రెడ్డీ హబ్బర్డ్ ఉన్న జట్టు కుడి ఛానెల్‌లో. నా స్పీకరు ఆ ఎనిమిది మందినీ ఒకే డబ్బాలో కుక్కేసింది! ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విన్నప్పుడు ఎవరు ఏ పక్కనుంచి అంటున్నారో, ఎవరు అందుకుంటున్నారో తెలిసింది. డాల్ఫీ బాస్ క్లారినెట్ కుడి చెవిలో గొణుగుతుంటే నాకు నవ్వొచ్చింది, మా పెదనాన్న పేపరు చదువుతూ తనలో తాను తిట్టుకుంటున్నట్టుంది. ఈ రికార్డులో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. అయినా మీరు ఇయర్‌ఫోన్లతో వినే అలవాటు దీనితోనే చేసుకోండి. మీరు విన్న ఆ మూడు నాలుగు ఆల్బమ్‌లు ఫోను స్పీకరు మీద కాలేదు కదా?

రెండో అడ్డంకి నా కుడి చెయ్యి. డ్రమ్ము వినిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే తొడ మీదికి వెళ్లి ఆది తాళం వేస్తుంది. సమం, అంటే తాళపు తొలి దెబ్బ, ఎక్కడ పడుతుందా అని మనసు కాపలా కాస్తుంది. ఈ సంగీతంలో చాలాచోట్ల ఆ సమం రాదు. వస్తుందని ఎదురుచూడటంలోనే అలసిపోయి, "వీళ్లకు తాళం తెలియదు" అని తీర్పు చెప్పేసేవాణ్ణి. ఒకరోజు రెండు చేతులతో వేడి టీ గ్లాసు పట్టుకుని విన్నాను, కావాలని కాదు, చలి. తాళం వేసే వీలు లేకపోయేసరికి ఆ డ్రమ్ము మొదటిసారి చెవిన పడింది.

ఆ రోజు విన్నది కీరన్ హెబ్డెన్, స్టీవ్ రీడ్ ఇద్దరూ కలిసి చేసిన 'ది ఎక్స్‌ఛేంజ్ సెషన్ వాల్యూమ్ 1'. మీరు కూడా దీన్ని తప్పకుండా వినాలని నా సలహా. 2006లో వచ్చింది, మూడే మూడు ట్రాకులు. హెబ్డెన్ అంటే ఫోర్ టెట్ పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేసే లండన్ మనిషి, 1977లో పుట్టినవాడు. రీడ్ 1944లో న్యూయార్క్‌లో పుట్టిన జాజ్ డ్రమ్మర్, 2010లో పోయాడు. వయసులో తండ్రీకొడుకులంత తేడా. స్టూడియోలో కలిసి కూర్చుని వాయించింది వాయించినట్టే రికార్డు చేశారు, తరువాత పైన ఏమీ అతికించలేదు. ఉన్నది ఇద్దరే కాబట్టి మీరు తప్పిపోయే ప్రమాదం లేదు. మొదటి ట్రాకు 'మార్నింగ్ ప్రేయర్' మూడుసార్లు వినండి. ఒకసారి రీడ్ తాళపు చిప్పల వెంటే వెళ్లండి, మిగతాది వదిలేయండి. రెండోసారి హెబ్డెన్ యంత్రాల వెంట వెళ్లండి. మూడోసారి ఇద్దరి మధ్య ఖాళీని వినండి. హెబ్డెన్ ఒక చిన్న శబ్దపు ముక్కను తిప్పి తిప్పి వదులుతుంటాడు. రీడ్ దాన్ని కాసేపు పట్టించుకోడు, తరువాత దాని మీదకు వంగుతాడు. అప్పుడు హెబ్డెన్ ఆ ముక్కను మార్చేస్తాడు. కచేరీలో లయ వాయిద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో మృదంగమూ ఘటమూ ఒకదాన్నొకటి కవ్వించుకోవడం విన్నవారికి ఈ ఆట కొత్త కాదు. ముగింపులో కోర్వై, అంటే సమానికి చేర్చే ముక్తాయింపు, ఉండదు, అంతే తేడా.

అప్పటినుంచి ఈ తరహా ఆల్బమ్ ఏది పెట్టినా నేను ఒక్కటే చూస్తాను. మనిషి వాయించినదానికి యంత్రం జవాబు చెబుతోందా, లేక వెనకాల గోడలా నిలబడి ఉందా?

జాజ్ పియానిస్టు హెర్బీ హాంకాక్ 1973 ఆల్బమ్ 'సెక్స్టెంట్' తీసుకోండి. 'రెయిన్ డాన్స్' అనే ట్రాకులో ప్యాట్రిక్ గ్లీసన్ సింథసైజరు రేకు మీద చినుకులు పడ్డట్టు టపటపలాడుతుంది, మనుషులు ఆ చినుకుల సందుల్లోంచి నడుస్తారు. అక్కడ యంత్రమూ బృందంలో ఒకరే. ఇంకో పక్క స్ప్రింగ్ హీల్ జాక్ అనే ఇద్దరు ఇంగ్లీషు సంగీతకారుల 'మాసెస్' ఉంది, 2001 నాటిది. ఎలక్ట్రానిక్ భాగాలు ముందే తయారుచేసి, వాటి మీద శాక్సఫోన్ వాయించే ఇవాన్ పార్కర్, ఇంకా మాథ్యూ షిప్, విలియం పార్కర్ వంటి ఉద్దండుల చేత వాయించారు. చాలామంది దీన్ని నెత్తిన పెట్టుకుంటారు. నాకు సగమే నచ్చింది. శాక్సఫోన్ అంత ప్రాణం పెట్టి అడుగుతుంటే టేపు తన దారిన తాను పోతుంటుంది, పాపం అనిపిస్తుంది. మిగతా సగంలో, ముఖ్యంగా నెమ్మదిగా నడిచేచోట్ల, ఆ చెవిటితనమే ఒక రకమైన భయాన్ని తెస్తుంది, అది బాగుంటుంది.

నేను ఎక్కువసార్లు విన్నది మాత్రం అదే ఇవాన్ పార్కర్ 1997లో వాయిద్యాలూ ఎలక్ట్రానిక్ యంత్రాలూ కలిసిన తన బృందం ఎలక్ట్రో అకూస్టిక్ ఎన్‌సాంబుల్‌తో ఇచ్చిన 'టువార్డ్ ది మార్జిన్స్'. పాములవాడు నాగస్వరం ఊదడం చూసే ఉంటారు, బుగ్గల్లో నిలిపిన గాలితో ఊదుతూనే ముక్కుతో ఊపిరి పీలుస్తాడు, స్వరం తెగదు. పార్కర్ సొప్రానో శాక్సఫోన్ మీద చేసేది అదే. ఒక్క బూరలోంచి ముగ్గురు నలుగురు మాట్లాడుతున్నట్టుంటుంది. ఇక్కడ వాయిద్యాల శబ్దాన్ని అప్పటికప్పుడు పట్టుకుని, మార్చి, వెంటనే తిరిగి వదలడానికే వేరే మనుషులు ఉన్నారు. పార్కర్ వదిలిన శబ్దమే రూపం మారి ఆయన ముందుకు వస్తుంది, దానికి ఆయనే మళ్లీ బదులివ్వాలి. మొదటిసారి విన్నప్పుడు ఏది బూరో ఏది యంత్రమో తేల్చుకోవాలని కాగితం పెట్టుకుని నిమిషాలు రాసుకున్నాను. ఐదో నిమిషానికే లెక్క తప్పింది. కాగితం వెనక సరుకుల జాబితా రాసుకున్నాం.

ఇవన్నీ బరువనిపిస్తే 'ప్రామిసెస్' ఉంది. ఫ్లోటింగ్ పాయింట్స్ పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేసే ఇంగ్లీషు సంగీతకారుడు, అమెరికన్ శాక్సఫోన్ వాద్యకారుడు ఫేరో శాండర్స్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా కలిసి 2021లో విడుదల చేశారు, 46 నిమిషాలు, తొమ్మిది భాగాలు. దీన్ని ఫ్రీ జాజ్ అంటే జాజ్ పెద్దలు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. కానీ వినేవారికి గుమ్మంగా పనికొస్తుంది. ఏడు స్వరాల చిన్న పలుకు ఒకటి దాదాపు చివరిదాకా తిరిగి తిరిగి వస్తుంటుంది. తంబురా అలవాటున్న చెవికి దాని మీద కుదురుకోవడం తేలిక. అప్పటికి శాండర్స్‌కు ఎనభై ఏళ్లు. నాలుగో భాగంలో ఆయన శాక్సఫోన్ పక్కన పెట్టి నోటితోనే ఏదో లాలిపాటలా సణుగుతాడు. మా అమ్మ ఆపమనకుండా విన్నది ఇదొక్కటే.

ఇక వరుస సంగతి. ముందు 'ప్రామిసెస్', తరువాత 'ఎక్స్‌ఛేంజ్ సెషన్', ఆ పైన 'సెక్స్టెంట్'. ఇవి లోపలికి వెళ్లాయనిపించాకే 'టువార్డ్ ది మార్జిన్స్' పెట్టండి. 'మాసెస్' ఎప్పుడు విన్నా ఫరవాలేదు. రోజుకు ఒక ట్రాకు చాలు, మొత్తం ఆల్బమ్ ఒకే రాత్రి పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు. వింటూ పని చేయకండి, ముఖ్యంగా ఉల్లిపాయలు తరగకండి. విసుగొస్తే ఆపేయండి, కాకపోతే ఏ నిమిషం దగ్గర ఆపారో గుర్తు పెట్టుకోండి. మర్నాడు అక్కడినుంచే మొదలుపెట్టి వినండి. నేను 'ఎక్స్‌ఛేంజ్ సెషన్'లోని 'సోల్ ఆసిలేషన్స్' అనే ట్రాకును అలా నాలుగు రోజుల్లో పూర్తి చేశాను. ఐదో రోజు మొదటినుంచి పెడితే మధ్యలో ఎక్కడా ఆపలేదు.