ఆర్‌సీ లేని వేలం కారు: కొనవచ్చా?

టెక్కలి మిత్రులు అడిగిన ప్రశ్న: వాయిదాలు కట్టలేదని ఫైనాన్స్ సంస్థ స్వాధీనం చేసుకున్న కారు వేలానికి వచ్చింది, పాత యజమాని ఆర్‌సీ ఇవ్వలేదు, కొనవచ్చా?

కొనవచ్చు. కానీ మొత్తం సొమ్ము కట్టకముందే ఆర్‌సీ సంగతి తేల్చుకోండి. ఇలాంటప్పుడు సంస్థే ఫారం 36 పెట్టి తన పేరిట కొత్త ఆర్‌సీ తీసుకోవాలి. యజమానికి ఫారం 37 నోటీసు వెళ్లాకే అది వస్తుంది, కాబట్టి జాప్యం తప్పదు. ఆ తరువాతే 29, 30 ఫారాలతో బండి మీ పేరుకు మారుతుంది. "శ్రీకాకుళం రవాణా ఆఫీసులో మీరే చేయించుకోండి, సులువే" అని వేలం బండ్లు ఉంచే యార్డు మనిషి అంటే నమ్మవద్దు. ఆ పని ఎవరిదో, ఎన్నాళ్లలోనో రాతలో తీసుకోండి.

ఇచ్ఛాపురం అవతలి ఒడిశా నంబరు బండి అయితే ధర చూసి మురిసిపోకండి. ఫారం 28 ఎన్‌ఓసీ (అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం) కావాలి, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి.

చలాన్లు, బీమా గడువు కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైటులో కనిపిస్తాయి. వేలం అంటే ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం, గ్యారంటీ ఉండదు. ఎండలో పడి ఉన్న బండికి బ్యాటరీ, టైర్లు కొత్తవి వేయాల్సిందేనని లెక్కవేసి పాట పాడండి. వెళ్లేటప్పుడు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకొని, ఛాసిస్ నంబరు ఆన్‌లైన్ వివరాలతో సరిపోతుందో లేదో చూడండి.